నూకాలమ్మ వద్దన్న రెండు వారాలు

1988 జనవరిలో నన్ను చౌక్తడాలోని సామాజిక బీమా కార్యాలయానికి జూనియర్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. బర్మాలోని యాంగోన్‌ను మేమింకా రంగూన్ అనే రోజులవి. నా పని చందాల తనిఖీ. కార్మికుడి జీతంలోంచి కోసే వాటా, దానికి యజమాని కలిపే వాటా, రెండూ కలిస్తే చందా. చందా పడిన వారాలను బట్టి జబ్బుకీ, దెబ్బకీ, కాన్పుకీ భత్యం వస్తుంది. సొంతంగా పని చేసుకునేవాళ్లకు మా నియమాల్లో చోటు లేదు. చిక్కల్లా ఉద్యోగం చేస్తూ అప్పుడప్పుడు సొంత పని కూడా చేసుకునేవాళ్లతోనే.

ఆగస్టులో ఏకపార్టీ పాలన పోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. కార్ఖానాలతో పాటు మా ఆఫీసూ మూతపడింది. సెప్టెంబరులో సైన్యం పగ్గాలు పట్టాక, అక్టోబరులో మమ్మల్ని మళ్లీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. బయటి సరుకేదీ రావడం లేదు. ఒకే కార్బన్ కాగితాన్ని అక్షరం కనపడనంత వరకూ వాడేవాళ్లం.

నవంబరులో నూకాలమ్మ వచ్చింది. సంచౌంగ్‌లో ఒక చొక్కాల కార్ఖానాలో కుట్టుపని చేసేది. అప్పటికి ఏడో నెల. భర్త ఊరేగింపులో పట్టుబడి ఇన్సేన్ జైల్లో ఉన్నాడు. కాన్పు భత్యం రాకపోతే పురిటి మంచం దిగి నేరుగా మిషను ముందు కూర్చోవాల్సిందే. కార్ఖానా పంపిన పట్టీలో మాత్రం, మూసి ఉన్న తొమ్మిది వారాలకు ఎదురుగా ‘సొంత పని’ అని రాసి ఉంది. ఆ వారాలు పోతే ఆమెకు అర్హత పోయినట్టే.

ఆ రోజుల్లో ఏం చేశావని అడిగాను. లూటీల భయంతో మేనేజరు మిషన్లను కుట్టేవాళ్ల ఇళ్లకు పంపేశాడట. కత్తిరించిన గుడ్డ, దారం రిక్షాలో వస్తే ఇంట్లోనే చొక్కాలు కుట్టి పంపిందట. అడక్కుండానే ఇంకో మాట కూడా చెప్పింది: “మద్దిలో పక్కింటోల్ల జాకెట్లు కూడా కుట్టినాను బావూ.”

అంతే, నా కలం ఆగలేదు. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడితే సొంత పని కాక మరేమిటి? మేనేజరు రాసిందే సరైనదని రాసి ఫైలు పైకి పంపాను. తెలుగువాడు తెలుగామెను వెనకేసుకొచ్చాడంటారేమోనన్న భయం కూడా అందులో ఉంది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మా పై అధికారి డో తిన్ యీ. ‘డో’ అంటే మన ‘గారు’ లాంటిది, పెద్ద ఆడవాళ్లకు వాడతారు. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఫైలు నా బల్ల మీద పెట్టి, ఎక్కడ కూర్చుని చేసిందన్నది మనకనవసరం అంది. మిషను ఎవరిది, సరుకు ఎవరిది, పని పురమాయించింది ఎవరు, అవి అడగమంది. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం బజ్జీలు అమ్ముకుంటే పగటి ఉద్యోగం చెరిగిపోతుందా అని కూడా అడిగింది.

మర్నాడు కార్ఖానా మేస్త్రీనీ నూకాలమ్మనీ పిలిపించింది. మేస్త్రీ జాకెట్ల సంగతే పట్టుకుని వేలాడాడు. నూకాలమ్మ సంచి విప్పింది. ఖాళీ రీలు తిరిగిస్తేనే కొత్త దారం రీలు ఇవ్వడం ఆ కార్ఖానా పద్ధతి. సమ్మె రోజుల్లో స్టోరు మూసి ఉంది, ఖాళీ రీళ్లు అడిగే నాథుడు లేడు. అయినా ఆమె ఒక్కటీ పారేయలేదు. ఏ వారం రీళ్లను ఆ వారం గుడ్డతో వచ్చిన చీటీతో కలిపి కట్టింది. చీటీల మీద రాత మేస్త్రీదే. మొత్తం ఏడు కట్టలు.

మిగతా రెండు వారాల మాటేమిటని డో తిన్ యీ అడిగింది. అప్పటికి నా మనసు పూర్తిగా నూకాలమ్మ వైపు తిరిగిపోయింది. ఏడు వారాలు చాలవేమో, ఆ రెండూ కార్ఖానావేనని చెప్పెయ్యమని తెలుగులో గొణిగాను. నూకాలమ్మ గది అంతా వినపడేలా జవాబిచ్చింది: “ఏటి బావూ, అలగంటావు? ఆ రొండు వారాలూ గుడ్డే రానేదు. నా దారం, నా కుట్టు. ఆల లెక్కలో ఎలగేత్తాను?”

ఏమంటోందని డో తిన్ యీ నన్నే అడిగింది. నా సలహా మింగేసి ఆమె జవాబు మాత్రం బర్మీస్‌లో చెప్పాను. మేస్త్రీ కట్టల్లోని చీటీలు ఒక్కొక్కటే తిరగేశాడు. నష్టమని తెలిసీ రెండు వారాలు వదులుకున్న మనిషి మిగతా ఏడూ అబద్ధమాడిందని ఏ నోటితో అంటాడు? చీటీలు తనవేనని సంతకం పెట్టాడు. కార్ఖానా ఆ ఏడు వారాల చందా కట్టింది. అర్హతకు కావలసిన దానికన్నా ఒక వారం ఎక్కువే తేలింది. నా గొణుగుడు అవసరమే లేకపోయింది. ఆడపిల్ల పుట్టాక నూకాలమ్మ భత్యం తీసుకుంటూ ఇంటిపట్టున ఉంది. అప్పటికి భర్త ఇంకా ఇన్సేన్‌లోనే ఉన్నాడు.

ఆ ఇద్దరు ఆడవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం. ఉద్యోగానికీ సొంత పనికీ మధ్య గీత ఎక్కడుందో ఒకరికి నియమాలు చదివి తెలుసు, ఇంకొకరికి చదవకుండానే తెలుసు. నాకు చదివినా తెలియలేదు. రిటైరయ్యే దాకా ఇలాంటి ప్రతి దరఖాస్తుకీ నా మొదటి ప్రశ్న ఒకటే అయింది: ఇందులో ఉద్యోగానికి చెందని వారాలేవి? తడుముకోకుండా చెప్పినవాళ్లను రెండో ప్రశ్న అడగాల్సిన అవసరం పెద్దగా పడలేదు.