తాతకు పెట్టిన ఎర్ర సోడా

లాంపూన్‌లో లాంగన్ పండ్ల చెట్లకు పూత విచ్చిందంటే బువాలై తేనెపెట్టెలు ఇన్‌కేవ్ తోటలో దిగాల్సిందే. మొగుడు పోయాక కూడా ఆ వరస తప్పలేదు. కిందటేడు ఇన్‌కేవ్ పూతమీదే పురుగుమందు కొట్టించాడు. డెబ్భై పెట్టెల్లో నలభై ఖాళీ అయ్యాయి.

"మందువల్ల కాదక్కా. నీలాగే నీ ఈగలూ ముసలివయ్యాయి," అన్నాడతను.

"నేనింకా బతికే ఉన్నానుగా. నీ మందు నామీద పడలేదు మరి."

చివరికి ఊరిపెద్ద ఎదుట ఒప్పందం కుదిరింది. యూనివర్సిటీ అమ్మాయి రిన్రదా వచ్చి ఒక చెట్టుకు కెమెరా కట్టింది. పూలమీద వాలిన తేనెటీగల్ని కంప్యూటరే గుర్తుపట్టి లెక్కేస్తుంది. వారంపాటు చూసి, రోజుకు మూడొందలకు తగ్గితే ఈ పూతకు మందు బంద్; తగ్గకపోతే కొట్టుకోవచ్చు. ఈగ లేనిదే కాయ నిలవదని ఇన్‌కేవ్‌కూ తెలుసు.

బువాలైకి యంత్రం మీద నమ్మకం చాలలేదు. తోటను కాచే దేవుణ్ణి అక్కడ తాత అంటారు. ఆయన చిన్న గూటి ముందు రోజూ పొద్దున్నే తియ్యటి ఎర్ర సోడా మూత తీసి, స్ట్రా వేసి పెట్టి, "తాతా, నిజం చూపించు" అని మొక్కింది.

లెక్క వచ్చింది: రోజుకు ఆరొందల పదకొండు.

"ఏదీ, బొమ్మలు చూపించమ్మా," అంటూ బువాలై ల్యాప్‌టాప్ ముందు కూలబడింది. చూసీ చూడగానే ఆమెకు అర్థమైంది. ఆ కొమ్మ తాత గూటి పక్కది.

"ఇవి పనిమీద వచ్చినవి కావు. నా సోడా తాగి, పూలమీద కాస్త కూర్చుని, మళ్లీ సీసా దగ్గరికి పోతున్నాయి. ఒక్కోదాన్నీ నీ యంత్రం పదిసార్లు లెక్కేసింది."

రిన్రదా ల్యాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుంది. "ముందే చెప్పొద్దా పెద్దమ్మా?"

"తాతకు పెట్టేది కూడా చెప్పాలా? మీ ఇంట్లో పెట్టరూ?"

పెడతారు. కెమెరా కట్టేముందు రిన్రదా కూడా ఆ గూటికి దణ్ణం పెట్టుకుంది. సీసా ఆమె కళ్లెదుటే ఉంది. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

"కెమెరా ఇంకో వారం పెడదాం," అంది రిన్రదా.

"పూత ఆగుతుందా?" అన్నాడు ఇన్‌కేవ్. ఆరొందల లెక్కను అతను నమ్మలేదు. నమ్మాల్సిన అవసరమూ లేదు; ఒప్పందం ప్రకారం మందు కొట్టడానికి ఆ అంకె చాలు.

మందు కొట్టే ముందురోజు సాయంత్రం, ఈగలన్నీ పెట్టెల్లోకి చేరాక, బువాలై పెట్టెల నోళ్లకు వల బిగించి తడి గోనెలు కప్పింది. మర్నాడు ట్రాక్టరు తోటంతా మందు కొట్టి వెళ్లేసరికి ఎండ మండిపోతోంది. తొమ్మిది పెట్టెల్లో మైనం కరిగి, ఈగలు అందులోనే అతుక్కుని చచ్చాయి. మిగతా వాటిని మూసి ఉంచితే అవీ అంతే. వల విప్పింది.

అవి నేరుగా పూలమీదికే పోయాయి.