మూడు బాకాలు, ఒక చూపుడువేలు

వరంగల్లులో నలభైల నాటి మా బ్యాండు మేళానికి ఒకటే కొరత. మమ్మల్ని ఎవరూ వినేవారు కాదు. పెళ్లిలో మేం వాయిస్తుంటే జనం పప్పు చాల్లేదని అరుచుకునేవారు. మేళం పెద్ద మా మేనమామ. సైన్యంలో పల్టన్ బ్యాండులో పనిచేసి, కాగితం మీద అచ్చేసిన స్వరాలు చదవడం నేర్చినవాడు. జారుడు గొట్టం బాకా ఆయనది, మామూలు బాకా నాది. పెళ్లిళ్లు లేని రోజుల్లో మగ్గం నేసేవాళ్లం. "సచ్చేలోపల ఒక్కపారి జనం కూసోని ఇంటే సూడాలెరా" అనేవాడు మామ.

ఆ ఆశకు, ఇంగ్లీషు సీమలో చదివొచ్చిన ఒక బారిస్టరు తగిలాడు. మూడు బాకాలకు మాత్రమే రాసిన ఫ్రాన్సు దేశపు కృతి ఒకటి ఆయన పెట్టెలో ఉందట. దాని మీద గ్రంథాలయం హాలులో ఉపన్యాసమిస్తాడట. మేం వాయించి చూపాలట.

"సప్పుడు చెయ్యకుంట కూసుంటరా సారూ?" అని మామ రెండుసార్లు అడిగాడు.

"నిశ్శబ్దముగా కూర్చుందురు" అన్నాడాయన. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా అదే భాష.

మా చిన్నమామ, గొట్టం చుట్టలు తిరిగిన మూడో బాకా పట్టాడు. నెల రోజులు సాధన చేశాం. ఆ కృతి నడక పాతకాలపు రాజుల కొలువులో నాట్యానికి వేసే అడుగులే, తాళం కొలతా పాతదే. కాని నాలుగు దరువులు రావలసిన చోట మూడే వచ్చి పాట ఠక్కున ఆగుతుంది. ఒకచోట కావాలని పెట్టిన తప్పు స్వరం. మామ మాకు ఇలా విడమరిచాడు: "పెండ్లికొడుకు ఠీవిగ నడుస్తాండు. నడుమ కాలు జారింది. ఎవలు సూడలే అనుకోని మల్ల నడుస్తాండు. గంతే."

ఆ 'గంతే'కి, ఉపన్యాసం రోజున బారిస్టరు గంటన్నర తీసుకున్నాడు. మేం నాలుగు దరువులు వాయించగానే చెయ్యి అడ్డం పెట్టి, "ఇది నవ్య సంప్రదాయము" అనేవాడు. మళ్లీ రెండు దరువులు, మళ్లీ ఉపన్యాసం. ముందు వరుస పెద్దమనుషులు తెగ తలలూపారు. అర్థమైనవాళ్లు అంతగా ఊపరు. మామ బాకా ఒళ్లో పెట్టుకొని, ఖాళీ విస్తరి ముందు కూర్చున్నవాడిలా చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి ఆ తప్పు స్వరం దగ్గరికి వచ్చాం. "ఇచ్చట గమనింపుడు!" అంటూ బారిస్టరు చూపుడువేలు పైకెత్తి ఆడించాడు.

పెళ్లిలో అయ్యగారు అలా వేలు ఆడిస్తే తాళి కడుతున్నట్టు. ఏ పాటలో ఉన్నా అక్కడే వదిలేసి, ఎవరి తుమ్మూ వినిపించకుండా గట్టిమేళం మోగించాలి. ముప్పై ఏళ్లుగా అదే పని చేసిన మామ మోగించాడు. ఆయన మోగిస్తే మేం ఊరుకుంటామా? హాలు దద్దరిల్లింది. వెనక వరుసలో ఒకాయన అలవాటుకొద్దీ అక్షింతల కోసం చెయ్యి చాపాడు.

పొరపాటు తెలిసి మామ ముఖం పాలిపోయింది. ముందు వరుస మాత్రం చప్పట్లు కొట్టింది. "ఈ ఘట్టము అత్యద్భుతము!" అన్నాడో పెద్దమనిషి. బారిస్టరు దాన్ని కూడా విశ్లేషించాడు. ఫ్రాన్సులో మా గట్టిమేళం ఎందుకు రాశారో పది నిమిషాలు చెప్పాడు.

అంతా అయ్యాక మామ లేచి నిలబడ్డాడు. "సారూ, జర ఒక్కపారి మొత్తం వాయిస్తం."

"సమయము మించినది" అన్నాడాయన. అందరూ చాయకు లేచారు. ఆ మనిషిని కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

బాకాలు చంకన పెట్టుకొని ఇంటిదారి పట్టాం. ఇంకా ఎండ ఉంది. మా నేతగాళ్ల వాడకట్టు మొదట్లో మామ ఆగి, బాకా పెదవులకు ఆనించాడు. మేమూ అందుకున్నాం. నాలుగు దరువులు పడేసరికి దగ్గరి మగ్గాల చప్పుడు ఆగింది. నూలు చుడుతున్న ముసలమ్మ ఒకామె బయటికొచ్చి, "ఎవలి పెండ్లి బిడ్డా?" అని అడిగింది.

మామ బాకా దించాడు. "ఎవలదీ కాదవ్వా. జర కూసోని ఇను."

ఆమె అరుగు మీద కూర్చుంది. మేం మొదటినుంచి ఎత్తుకున్నాం.