దాలయ్య తెచ్చిన సీసా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రం ఒడ్డునున్న నాలుగూళ్లకు మొదటి ఆడ డాక్టరుగా 1998లో బోర్డు పెట్టినప్పుడు, మా మామ్మ నీలవేణి కాన్పులకు మాత్రమే పనికొస్తుందనుకున్నారు జనం. "కాన్పులూ చేస్తాను, మీ మావగారి దగ్గూ చూస్తాను" అని ఇంటికో నోటుపుస్తకం పంచింది మామ్మ. మనిషికి కాదు, ఇంటికి. ఇంటిల్లిపాది జబ్బులూ అందులోనే. అంత పెద్ద డాక్టరైనా కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. అన్నం కూడా గుమ్మంలో నిలబడే తినేది.

2003లో జాలరి దాలయ్య నెలలో మూడోసారి నొప్పి బిళ్లలడిగాడు. వల లాగే భుజాలకు నొప్పులు మామూలే. కానీ చప్పుడు చేయకుండా కిడ్నీలు పాడయ్యే ఊళ్లవి, ఆ బిళ్లలు వాటికి ఇంకా చేటు. మామ్మకు మనసు నిలవలేదు. మూత్రం తెమ్మని సీసా ఇచ్చి, ఆరు రోజులు వెంటపడింది.

ఏడో రోజు పొద్దున్నే సీసా ఇచ్చి, దాలయ్య పడవ దగ్గరికి పరుగెత్తాడు. మామ్మ గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచి, నాలుగు చుక్కలు వెనిగర్ వేసింది. తేటగా ఉండాల్సింది విరిగిన పాలలా ముద్దకట్టింది.

అంతే, చేతికి దొరికిన రెండు వేర్వేరు చెప్పులేసుకుని ఇసకలో పడవ దగ్గరికి పరుగెత్తింది.

"దాలయ్యా, దిగు! నీ కిడ్నీలు బాగోలేవు. వేట లేదు, గీట లేదు!"

పడవలో జట్టువాళ్లు తెడ్లు పక్కన పెట్టేశారు. దాలయ్య ఒడ్డున చేపల గంపతో నిలబడ్డ పెళ్లాం ఎర్రమ్మ వంక చూశాడు.

"డాట్రమ్మా... ఆ సీసా నాది కాదమ్మా."

"మరెవరిది, నీ పడవదా?"

"ఎర్రమ్మదండి. నాకు జబ్బుందంటే జట్టోల్లు నన్నొగ్గేసి ఏటకెల్పోతారని... అది రాయిలాగుంటాది కదాని..."

మామ్మ ఇసకలోనే చతికిలబడింది. ఆరు రోజులూ రోజుకు రెండుసార్లు ఎర్రమ్మ ఎదురుపడింది. తను ఆమెనొక్క మాట అడిగితేనా!

"నువ్వూ ఆ బిళ్లలు మింగుతున్నావా, ఎర్రమ్మా?"

"ఆయనొకటేసుకుంటే నానొకటి. గంప బరువు కాదేటి?"

"ఎన్నాళ్ల నుంచి?"

"పెద్దోడు పుట్టినకాడ్నుంచీ."

దాలయ్యను ఆసుపత్రికి లాక్కెళ్లి, ఈసారి జట్టువాణ్ణి కాపలా పెట్టి మరీ సీసా పట్టించింది. అతనిది తేటగానే ఉంది.

"నీకేం లేదు. వేటకెళ్తే వెళ్లు."

"మీరెల్లండ్రా" అన్నాడు దాలయ్య, కాపలావాడితో.

విశాఖ పెద్దాసుపత్రికి బయల్దేరమంటే ఎర్రమ్మ మాత్రం కదల్లేదు. "ఈ సేపలమ్మీసి వత్తాను, కుళ్లిపోతాయి."

"కుళ్లనీ. పద!"

ముగ్గురూ టెక్కలి మీదుగా విశాఖ బస్సెక్కారు. బస్సాగిన ప్రతిచోటా మామ్మ లేచి, ఇంకెంతసేపని డ్రైవరు ప్రాణం తీసింది. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, ఎర్రమ్మ కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయన్నారు. నొప్పి బిళ్లలు మానేసి, జాగ్రత్తగా ఉంటే ఆ సగాన్ని చాలాకాలం నిలబెట్టుకోవచ్చట. ఎర్రమ్మ ఏడవలేదు. దాలయ్యే ఏడ్చాడు.

మర్నాటి నుంచి మామ్మ సీసాల సంచితో ఇంటింటికీ తిరిగింది. "నాకేటి, బానే ఉన్నాను" అన్నవాళ్ల చేతిలోనే మొదటి సీసా పెట్టింది.