టోనీగాడికి ఉపవాసం

మొన్న శుక్రవారం మా పిల్లి నన్ను దేవుడి ముందూ, డాక్టరమ్మ ముందూ ఒకేసారి తలదించుకునేలా చేసింది. నవ్వకండి, చెప్తాను.

మా టోనీ మగపిల్లి. ఏడాది దాటింది. ఆరో నెలకల్లా ఆపరేషన్ చేయించెయ్యమని సోనారిలో పశువుల డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. మా ఆయనే వద్దన్నారు. "పాపం, మగోడే! తిరగనీ," అన్నారు. అని, క్రిస్మస్ అవగానే ఒడిశా సైటుకి డ్యూటీ మీద వెళ్ళిపోయారు. టోనీ తిరగడం మొదలెట్టాడు. ఇంట్లో ఉంటే కర్టెన్ల మీద పోసి కంపు కొట్టించడం, లేకపోతే ఆడపిల్లి కోసం గోడెక్కి ఏడవడం. మా బిర్సానగర్ అంతా తిరిగి, కొట్లాడి, చెవి చింపుకుని వచ్చేవాడు. ఈసారి వెళ్తే రాడేమోనని నా భయం. ఆయన కుర్చీలో పడుకునేది వాడే. వాడూ పోతే ఆ ఖాళీ కుర్చీని నేను చూడలేను.

మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ, "అబ్ భీ దేర్ నహీ హుయీ," అంది. ఇంకా మించిపోలేదట, ఇప్పుడు చేయించినా తిరుగుడు తగ్గుతుందట, వీధి నిండా దిక్కులేని పిల్లికూనలు పుట్టవట. ఒకటే షరతు. ఆ రోజు పొద్దున్నుంచి వాడికేమీ పెట్టకూడదు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతై ప్రాణం మీదకొస్తుందంది.

నా తెలివి చూడండి! ఏరి కోరి శుక్రవారం నాలుగింటికి పెట్టించుకున్నాను. శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. పొయ్యి వెలగదు. మనుషులకే మెతుకు లేని రోజు పిల్లికెవరు పెడతారు?

ప్రార్థన అయ్యాక అందరం కలిసి తింటాం కదా, దానికి చర్చి సిస్టర్లందరూ టిఫిన్లు తెచ్చి మా వంటింట్లోనే పెడతారు కదా! ఏళ్ళ తరబడి చూస్తున్నదే. ఆ ముక్క నా బుర్రకి తట్టలేదు.

టోనీని పడగ్గదిలో పెట్టి గడియ వేశాను. ఇవతల పాటలు, అవతల వాడి ఏడుపు. ఆఖర్న మా పక్కింటి కరుణమ్మ పిన్ని ప్రార్థన అందుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ పెనిమిటిని బేగి ఇంటికి తీసుకురా తండ్రీ..." అంతే! మూసిన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారిపోయాయి. ఫోన్లో రోజూ బాగానే ఉన్నానని చెప్తాను. ఏం బాగు? వీధిలో స్కూటర్ ఆగితే ఇప్పటికీ గుమ్మం దాకా పరిగెడతాను. ఇంతలో టోనీ ఏడుపు టక్కున ఆగిపోయింది. నాతోపాటు వాడిక్కూడా ఆదరణ దొరికిందనుకున్నాను.

"ఆమెన్" అని కళ్ళు తెరిస్తే వంటింటి గుమ్మంలో టోనీ, మూతి నాక్కుంటున్నాడు! వెనకాల పిన్ని తెచ్చిన చేపల వేపుడు గిన్నె, తోమినంత శుభ్రంగా ఉంది.

"గడియెవరు తీశారు?" అని అరిచాను.

"నేనేనే," అంది మా అత్తయ్య. "నోరులేని జీవం, అలా ఏడుత్తంటే ఏటి సెయ్యమంటావు? ఉపాసం మనకి గానీ దానికేటి?"

డాక్టరమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "ఆజ్ నహీ హోగా," ఇవాళ కుదరదని, వచ్చే శుక్రవారం తెమ్మంది. ఆమె నవ్వు ఆపుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

సాయంత్రం మా ఆయనకి చెప్తే ఆయన ఆపుకోలేదు కూడా. పడీ పడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏటే, ఏడుత్తన్నావా?"

"పిల్లి గురించి లెండి."

ఆయన నవ్వు ఆపేశారు. తరవాత మెల్లిగా, "వచ్చే శుక్రవారానికి నేనొచ్చెత్తాను. ఇద్దరం తీసుకెల్దాం," అన్నారు.

చూశారా! ఈస్టర్‌కి దొరకని సెలవు, పెళ్ళిరోజుకి దొరకని సెలవు, పిల్లి ఆపరేషన్‌కి దొరికింది! నాకు ఒళ్ళు మండాలా వద్దా? మండలేదు. ఆపరేషన్ టోనీకైతే, సిగ్గులేకుండా ఇవాళ పొద్దున్నే నా నీలం పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చొచ్చాను!