రాజ్యం గొరిగిన మంచుకుక్క

చీమకుర్తిలో గ్రానైటు పలకలకు నునుపు పెట్టే ఫ్యాక్టరీకి యలమంద వాచ్‌మన్. గేటు పక్కన రేకుల గది, దాని ముందు కాస్త ఖాళీ జాగా ఉద్యోగంతోపాటే వచ్చాయి. యలమంద నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికి కావలసిన నోరంతా అతని భార్య రాజ్యమే పెట్టుకుంది. ఆమెకు కోపం ముక్కు మీద ఉంటుందనేవాళ్ళు. అంత దూరం కూడా కాదు, పెదాల మీదే ఉండేది.

రెండువేల మూడు జనవరిలో ఫ్యాక్టరీ యజమాని త్రినాథ్ గారు కారులోంచి ఒక కుక్కను దించాడు. తోడేలు మొహం, నిక్కిన చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, ఒళ్ళంతా బూడిదరంగు బొచ్చు. అంత హంగామా చేసి ఎత్తు మాత్రం మోకాలి దాకా కూడా లేదు.

"అమ్మాయి హాస్టలుకి పోతోంది. నువ్వే చూసుకో. దీనికేమన్నా అయితే ఈ గేటు దగ్గర నువ్వుండవు యలమందా" అన్నాడాయన.

కారులో కూర్చున్న కూతురు శ్రీరమ్య మిగతాది చెప్పింది. పేరు పోలో. అలాస్కా అనే మంచుదేశం కుక్క. అక్కడ బండి లాగే పెద్ద కుక్కకీ ఒక చిన్న కుక్కకీ అనుకోకుండా పుట్టిన పిల్లను చూసి ఒకావిడ ముచ్చటపడిందట. ఏళ్ళ తరబడి జతలు కుదిర్చి ఈ జాతిని తయారుచేసిందట.

"ఇంతకన్నా పెరగదు ఆంటీ" అని కూడా చెప్పింది.

రాజ్యం నమ్మలేదు. కడుపునిండా పెడితే పెరగనిదంటూ ఉంటుందా? రెండు నెలలు పెరుగన్నం కలిపి పెట్టింది. అది సగం తిని, సగం వదిలేసి, పిల్లిలా ఒళ్ళు నాక్కుంటూ కూర్చునేది. అంగుళం పెరిగితే ఒట్టు.

పోనీ కాపలాకైనా పనికొస్తుందా అంటే, లారీ డ్రైవరు గేటు దగ్గర దగ్గితే చాలు, మంచం కింద దూరేది. కొత్తవాళ్ళంటే అంత బెదురు. ఇంట్లోవాళ్ళ దగ్గర మాత్రం మహా పౌరుషం. మెడపట్టీలోంచి తల ఊడదీసుకుని, గుడ్లు పెట్టే కోళ్ళను రెంటిని చంపింది. రాజ్యం తిడితే మొరిగేది కాదు. ఎదురుగా కూర్చుని, మొహం పైకెత్తి, "అవూ... వూ... వూ" అంటూ జవాబు చెప్పేది. ఇరవై ఏళ్ళ కాపురంలో యలమంద ఒక్కసారి కూడా అంత ధైర్యం చేయలేదు.

"నేనొకటంటే ఇది నాలుగంటాంది! ఈ శని ఎప్పుడు పోతుందయ్యా?" అని మొగుడి మీద విరుచుకుపడేది. యలమంద నవ్వి ఊరుకునేవాడు. ఆమెకు ఇంకా మండేది.

మార్చి వచ్చేసరికి అది బొచ్చు రాల్చడం మొదలుపెట్టింది. గది ముందు పట్టా పరిచి ఎండేసిన మిరపకాయల నిండా బొచ్చే. ఒక్కో కాయా తీసి దులుపుకోలేక రాజ్యానికి ప్రాణం విసిగింది. ఆమె పొదిలి వైపు గొర్రెలకాపరుల ఇంటి ఆడపడుచు. ఎండలు ముదరకముందు గొర్రెకు బొచ్చు తీయాలి, తీస్తే ఒళ్ళు చల్లబడుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూసిన పని అది. పుట్టింటి నుంచి కత్తెర తెప్పించి, పోలోను కాళ్ళ మధ్య ఇరికించుకుని, చర్మం కనపడేదాకా గొరిగేసింది. ఊళ్ళో తెలివిగలవాళ్ళకెవరికీ తట్టని పని చేశానని రెండు రోజులు మురిసిపోయింది కూడా.

మూడో రోజుకి దాని వీపు కమిలింది. వారానికి బొబ్బలెక్కి, చర్మం ఊడిరావడం మొదలైంది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు గౌస్ బాషా చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"దీని బొచ్చు గొర్రె బొచ్చు కాదమ్మా, రెండు పొరలుంటది. చలికి దుప్పటీ అదే, ఎండకి గొడుగూ అదే. మళ్ళీ రావాలంటే ఏడాది పైనే."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తన చేతులతోనే మొగుడి ఉద్యోగానికి కత్తెర వేశానని రాజ్యం కుమిలిపోయింది. వడగాడ్పులకు మనుషులే పిట్టల్లా రాలిన ఆ మే నెలంతా తడి గోనెపట్టా కప్పి, వేపనూనె రాసి, మజ్జిగ తాగించి దాన్ని బతికించింది. రాస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. అది ఓపిక తెచ్చుకుని జవాబు చెబుతూనే ఉంది.

జూన్ మొదట్లో కారు వచ్చింది.

"పోలో ఏదిరా? అమ్మాయికి మోజు తీరిపోయింది. మద్రాసు పార్టీకి ఇస్తానని మాటిచ్చాను, కారులో ఉన్నారు" అన్నాడు త్రినాథ్ గారు. అంతలో రాజ్యం కాళ్ళ వెనక నక్కిన బోడికుక్క కనబడింది. "ఇదెక్కడి ఊరకుక్క? నా కుక్కని అమ్ముకున్నావా?"

"అయ్యా, అదీ..." అని యలమంద నీళ్ళు నమిలాడు.

ఇదే మీ పోలో, బొచ్చు మళ్ళీ వస్తుంది అంటే చాలు. నాలుగు తిట్లు పడతాయి, ఉద్యోగం నిలుస్తుంది, శని వదులుతుంది. రాజ్యానికి అదంతా తెలుసు. పిక్కలకు ఆనుకుని అది వణుకుతున్న సంగతీ తెలుసు.

"మీ కుక్క పోయిందండీ అయ్యగారూ" అంది. "ఇది నా కుక్క."

రేపు పొద్దున్నకల్లా గది ఖాళీ చేయమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగేదాకా యలమంద కదల్లేదు. తర్వాత, పెళ్ళయ్యాక మొదటిసారి, పెళ్ళాన్ని నిలదీశాడు.

"అబద్ధం ఎందుకాడావే?"

రాజ్యం అప్పటికే గిన్నెలు గోనెసంచిలోకి సర్దుతోంది. తల ఎత్తలేదు.

"రెండు మాటలన్నాను. అబద్ధం ఒక్కటే" అంది.