సూరత్ నుంచి మా దిక్కు సీదా బండి

వార్డు ఎన్నికలకు దేశం మొత్తం ప్లాను మోసుకొచ్చిన పార్టీని నేను సూరత్‌లోనే చూశాను. నవాగామ్‌లో మా గల్లీ మోరీ పొంగి మూడు వారాలైంది, దాని సంగతేమిటని అడిగితే, దేశానికి కొత్త ఓడరేవులు వస్తున్నాయని చెప్పారు. వీధి దీపం వెలగడం లేదంటే ఎనిమిది వరసల రోడ్డు పడుతుందన్నారు. నాకు ఒళ్ళు మండింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు. అయినా వాళ్ళు చేతిలో పెట్టిన పుస్తకాన్ని మాత్రం పారెయ్యలేదు. నున్నటి కాగితం, అట్ట మీద దూసుకుపోయే రైలు బొమ్మ. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాను.

మొదటి లాక్‌డౌన్ గడిచి, మరుసటి ఏడు మొదట్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నా భార్యా బిడ్డా నా దగ్గర లేక తొమ్మిది నెలలు.

మాది కరీంనగర్ అవతల ఒక పల్లె. పదేళ్ళ వయసులో మా బాపు నన్ను సూరత్ తీసుకొచ్చాడు. మునిసిపల్ బడిలో ఏడు దాకా గుజరాతీలో చదివి, ఆ తర్వాత ఊరి శివారున సచిన్ అనే మిల్లుల వాడలో ఒక కార్ఖానాలో సాంచాల మీద చేరాను. కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం. పెళ్ళయ్యాక నా భార్యా ఇక్కడికే వచ్చింది, బిడ్డ ఇక్కడే పుట్టింది. బిడ్డ మాతో తెలుగు, గల్లీలో హిందీ, కోపమొస్తే గుజరాతీ మాట్లాడేది. ఉన్నది ఒక్క గది. ముగ్గురం పడుకుంటే కాలు చాపడానికి చోటుండేది కాదు. ఇరుకు, ఇరుకు అని రోజూ సణిగేవాణ్ణి. ఎంత బుద్ధి తక్కువ మనిషిని!

లాక్‌డౌన్ పెట్టాక కార్ఖానాలు బందయ్యాయి, గల్లీ సగం ఖాళీ అయింది. ఎవరో ఒక చిన్న బస్సు మాట్లాడితే అందులో ఆడవాళ్ళకూ పిల్లలకూ చోటు దొరికింది. నేను ఆగిపోయాను. సేఠ్ ఏ రోజైనా సాంచాలు మొదలుపెట్టవచ్చు, మనిషి కనబడకపోతే ఆ చోటు ఇంకొకడిది. ఆ బస్సు మూడు రోజులు పోయింది. ఒక రాష్ట్రం సరిహద్దు దగ్గర కాగితాలు సరిగా లేవని పగలంతా రోడ్డు మీద కూర్చోబెట్టారట. మే నెల ఎండ. బిడ్డకు జ్వరం వచ్చింది. నీళ్ళు అడిగితే దగ్గరికి రావడానికి భయపడి సీసా దూరం నుంచే విసిరారట. ఊరు చేరాక నా భార్య ఫోన్‌లో ఏడవలేదు, తిట్టలేదు.

"సీదా బండి పడ్డనాడు వస్త," అన్నది. "గప్పటిదాంక నన్ను పిలువకు. బిడ్డను మళ్ళ గట్ల రోడ్డు మీద కూసుండబెట్ట."

సీదా బండి అంటే సూరత్‌లో ఎక్కితే మా ఊరి పక్క స్టేషన్లో దిగడం. అలాంటి బండి లేదు. నడుమ ఒకచోట దిగి, ఇంకో బండో బస్సో పట్టుకోవాలి. మంచి రోజుల్లో అదేమంత పని కాదు, ఎన్నోసార్లు అట్లాగే పోయి వచ్చాం. కానీ ఆ ఎండలో కూర్చున్నాక ఆమెకు నడుదారిలో దిగడమంటేనే గుండె జారిపోయింది. నేను తప్పు పట్టలేదు. పైకి పట్టలేదు గానీ లోపల కుమిలిపోయాను.

సాంచాల మోతలో బతికేవాళ్ళం ఇంట్లో కూడా అరిచే మాట్లాడతాం. 'గిది కార్ఖానా కాదు, జర మెల్లగ' అని ఆమె రోజుకు పదిసార్లు అనేది. మళ్ళీ పని మొదలయ్యాక, డ్యూటీ దిగి గది తాళం తీసి లోపలికి వస్తే, నన్ను మెల్లగా మాట్లాడమనే మనిషి లేదు. మాట్లాడటానికే మనిషి లేదు. మా గది వెనకాలే భుసావల్ పోయే పట్టాలు. లాక్‌డౌన్‌లో అవి మూగబోయాయి, ఆ తర్వాత సరుకు బండ్లు, ఇంకొన్నాళ్ళకు మనుషుల బండ్లు నడిచాయి. బండి కూత వినబడితే చాలు, వంట చేస్తున్నవాణ్ణి గరిటె వదిలి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణో నాకే తెలియదు. ఆ బండి మా ఊరికి పోదు, మా ఊరి నుంచి రాదు.

మా గల్లీ చివర కిరాణా కొట్టాయన ఆ పార్టీ కార్యకర్త. గుజరాతీ మనిషి, మంచివాడే. ఒకరోజు నన్ను ఆపి, నీకు మా భాష చదవడం వచ్చు గదా, మీవాళ్ళను కూర్చోబెట్టి ఈ ప్లానంతా మీ భాషలో చెప్పు అన్నాడు. వారానికోసారి కార్ఖానాలకు సెలవిచ్చే కరెంటు బంద్ రోజున మా తెలుగువాళ్ళ సంఘం హాల్లో మీటింగు పెట్టారు. మాస్కులు గదవల కిందికి లాక్కొని మావాళ్ళంతా నేల మీద కూర్చున్నారు. మైకు నా చేతికిచ్చారు.

ఓడరేవులు చదివాను. రోడ్లు చదివాను. సరుకు బండ్లకు వేరే పట్టాలు, బట్టల కార్ఖానాలన్నీ ఒక్కచోట పెట్టే పార్కులు, ఇంటింటికీ నల్లా. మొదట వెటకారంగానే చదివాను, కానీ అబద్ధమెందుకు, చదువుతుంటే ఆశ పుట్టింది. దేశం పెద్దదవుతుందట, దూరాలు తగ్గిపోతాయట, ఈ కొస నుంచి ఆ కొసకు మనిషి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరతాడట. ఆ మాట రెండుసార్లు చదివాను. మంచినీళ్ళు అడిగి తాగాను. తర్వాత కొత్త రైళ్ళ పేజీ వచ్చింది.

ముందు వరసలో పెద్దబాపు కూర్చున్నాడు. వరసకు నాకేమీ కాడు, మా కార్ఖానాలో అందరికంటే పాత మనిషి, మా పక్క ఊరివాడు. నేను సాంచా పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చెయ్యెత్తి, మన దిక్కు ఏమన్నా ఉన్నదా కొడుకా అని అడిగాడు.

పేజీ చూశాను. పెద్ద పెద్ద పట్నాల పేర్లున్నాయి. మా దిక్కు లేదు.

మా పనిలో ఒక అలవాటుంది. పడుగులో పోగు తెగి దాని కొస దొరక్కపోతే, సాంచా ఆపుకొని వెతుకుతూ కూర్చోం. వెనకాల వేలాడదీసుకున్న విడి పోగొకటి తెచ్చి ఆ ఖాళీలో ముడేసి నడిపిస్తాం. గుడ్డ మడతేశాక ఎవరికీ తెలియదు. అది ఆలోచించి చేసే పని కాదు, ఖాళీ కనబడగానే చెయ్యి దానంతటదే పోతుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పని. ఆ రోజు హాల్లో ఆ పని నా నోరు చేసింది.

"ఉన్నది పెద్దబాపు. సూరత్ నుంచి మన దిక్కు సీదా బండి."

హాలంతా చప్పట్లు. తెలుగు ముక్క రాని కిరాణా కొట్టాయన కూడా, ఏదో మంచి మాటే అయివుంటుందని, అందరికంటే గట్టిగా కొట్టాడు.

మావాళ్ళ ఫోన్ల ముందు ఏ రైలూ పనికిరాదు. నేను గదికి వచ్చి బియ్యం కడుగుతుండగానే ఊరి నుంచి నా భార్య ఫోన్. నువ్వే చదివినవట గద, నిజంగ రాసున్నదా అని అడిగింది. అప్పటిదాకా నోరు జారడమే, ఇంకేం కాదు. అక్కడైనా దిద్దుకోవచ్చు. కానీ ఆమె గొంతులో తొమ్మిది నెలలుగా లేని వెలుగు విన్నాను. ఉన్నది అన్నాను. నవ్వింది. గదికి సున్నం వేయించావా, పొయ్యి దగ్గర గోడ అట్లాగే నల్లగా ఉందా అని అడిగింది. ఆమె వదిలిపోయిన గది సంగతి అడగడం అదే మొదలు.

ఆ తర్వాత రోజులు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గే. సిగ్గూ, దాంతోపాటు సంతోషమూ. సున్నం నేనే వేశాను. దోమతెర కొన్నాను. ప్లానులో లేకపోతే ఏం, ఇన్ని బండ్లు వేసేవాళ్ళకు ఇంకొకటి బరువా అని నన్ను నేనే నమ్మించుకున్నాను. రోజూ ఫోన్. బిడ్డ ఏ సీట్లో కూర్చోవాలో కూడా మాట్లాడుకున్నాం. ఓటు వెయ్యడానికి వరసలో నిలబడ్డప్పుడు కూడా నా మనసులో ఆ బండే ఉంది. ఎవరికి వేశానో మాత్రం చెప్పను.

ఎన్నికలయ్యాక పెద్దబాపు కిరాణా కొట్టుకు పోయి బండి ఎప్పటి నుంచని అడిగాడు. కొట్టాయన పాపం పుస్తకం తెరిచి పేజీలన్నీ తిప్పి చూపించాడు. పెద్దబాపు అట్నుంచి అటే కార్ఖానాకు వచ్చి నా సాంచాల నడుమ నిలబడ్డాడు. ఆ మోతలో మాట వినబడదు, మేం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. బండి లేదా అని పెదవులతో అడిగాడు. బయట ఫోన్‌లో నూరు అబద్ధాలైనా ఆడవచ్చు గానీ, నీ మూతి మీదే కన్నుంచిన మనిషికి అబద్ధం చెప్పడం కష్టం. లేదని తలూపాను.

చాయ్ వేళకు బయట గోడ పక్కన కూర్చున్నాం. ఆయన చాయ్ మొత్తం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు జేస్తివి గదరా," అన్నాడు చివరికి. "నా సంగతి ఇడువు. నీ పెండ్లానికి చెప్పినవా?"

చెప్పలేదన్నాను. చెప్పమన్నాడు, ఆలస్యమైతే ముడి ఇంకా బిగుసుకుంటుందని అన్నాడు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రోజూ వచ్చింది, రోజూ పోయింది.

ఇంతలో జబ్బు మళ్ళీ సూరత్ మీద పడింది. మొదటిసారి కంటే చెడ్డగా పడింది. మా పక్క షెడ్డులో సోమవారం పనికి వచ్చిన మనిషి శుక్రవారానికి లేడు. మా గల్లీలో ఇంటికొకరు దగ్గుతూ కనిపించారు. అంబులెన్సుల కూతలు ఎక్కువై బండి కూత వినబడటం మానేసింది. శ్మశానం దగ్గర చోటు లేక వరసలో ఉంచుతున్నారని చెప్పుకున్నారు. ఊరికి పోగలిగినవాళ్ళు మళ్ళీ పోతున్నారు. ఇవేవీ నేను ఫోన్‌లో చెప్పలేదు. ఇక్కడ అంతా మంచిగనే ఉన్నది అనేవాణ్ణి. చెబితే బండి మాట కూడా చల్లారిపోతుందని భయం.

అట్లాంటప్పుడు ఒక పొద్దున ఆమే ఫోన్ చేసింది. బడికి పోయి బిడ్డ టీసీ తీసుకున్నదట. బట్టలు మూటలు కట్టిందట. సీదా బండి ఎట్లాగూ పడుతుంది గదా, అది పడేదాకా ఆగడమెందుకు, ఈ ఒక్కసారికి రెండు బండ్లు మారి వస్తానన్నది. భయం పోయిందన్నది.

ఏ మాట కోసం సంవత్సరం నుంచి చెవులు కోసుకుంటున్నానో ఆ మాట. నేను ఊరుకుంటే చాలు, నాలుగు రోజుల్లో వాళ్ళిద్దరూ ఈ గదిలో ఉంటారు. ఒక్క క్షణం ఊరుకుందామనే అనుకున్నాను. అది దాచిపెట్టను. బయట గల్లీలో ఎవరినో దుప్పటిలో చుట్టి ఆటోలో ఎక్కిస్తున్నారు.

రావద్దన్నాను. ఇక్కడ బాగాలేదన్నాను. మొన్నటిదాకా మంచిగనే ఉందన్నావు గదా అన్నది. గోడకు సున్నం కూడా వేశానన్నావు, ఇప్పుడేమొచ్చింది, ఇంకెవరైనా ఉన్నారా ఆ గదిలో అని గొంతు మార్చింది. ఎంత చెప్పినా నమ్మదు. నమ్మించడానికి నా దగ్గర మిగిలింది ఒక్కటే. బండి లేదని చెప్పాను. పుస్తకంలో ఎక్కడా లేదని, నేనే కలిపి చదివానని, తర్వాత ఆమెతోనూ అదే అన్నానని, ఇక్కడి చావుల సంగతీ దాచానని, అంతా చెప్పాను.

మళ్ళీ ఒకసారి చెప్పమన్నది, చెప్పాను.

"లేనిది ఉన్నదన్నవు. సస్తున్నరంటే మంచిగున్నదన్నవు," అన్నది. "నీ ఏ మాట పట్టుకొని బతకాలె నేను?"

"ఏదీ పట్టుకోకు. పెద్దబాపును అడుగు. రాకు, గంతే."

ఫోన్ కింద పెట్టిన చప్పుడు వినబడింది గానీ కాల్ కట్ కాలేదు. కొంచెంసేపటికి బిడ్డ తీసుకుంది. ఇక్కడి గల్లీ లేక, పల్లెలో దాని మాటలో హిందీ అప్పటికే పోయింది.

"బాపు, బండి లేదా?"

"లేదు బిడ్డా."

"మరి ఉన్నదని ఎందుకన్నవ్?"

ఓడరేవుల నుంచి నల్లాల దాకా మైకులో గడగడా చదివినవాణ్ణి, ఎనిమిదేళ్ళ పిల్లకు రెండు ముక్కలే చెప్పగలిగాను.

"మీరు యాదికొచ్చి," అన్నాను.

బిడ్డ వెనకాల ఏదో గరగర చప్పుడు వినబడుతోంది. ఏంది బిడ్డా అది అని అడిగాను.

"అమ్మ మూటలు ఇప్పుతున్నది, బాపు," అన్నది.