తాతగారికి పట్టించిన పంచదార నీళ్లు

పిల్లల శస్త్రచికిత్స వార్డులో ఆ నర్సును అందరూ జోలక్క అని పిలుస్తారు. ఆపరేషనుకు ముందు పసివాళ్లకు నిద్రమందు పట్టించడం ఆమె పని. బిడ్డ బరువును బట్టి సూది లేని సిరంజిలోకి మందు లాగి, బుగ్గ పక్కనుంచి మెల్లగా జారవిడుస్తుంది. బిడ్డ ఉమ్మివేస్తే మళ్లీ పోయరాదు. లోపలికి ఎంత దిగిందో దేవుడికే ఎరుక. ఆనాటికి ఆపరేషను వాయిదా పడ్డట్టే. అందుకని ముందుగా ఒక బొమ్మకు పంచదార నీళ్లు పట్టించి, దాన్ని పడుకోబెట్టి, అప్పుడు బిడ్డ వైపు తిరుగుతుంది. పులుల్లాంటి పిల్లలు సైతం ఆ ఎత్తుకు పిల్లులయ్యేవారు.

మిరపకాయ అని పేరుపడ్డ పిల్ల ఒక్కతే కాలేదు. ఆ ఐదేళ్ల పిల్లకు వాచిన టాన్సిల్స్ తీయవలసి ఉంది, పడుకుంటే ఊపిరాడదు. ఇదివరకు రెండుసార్లు మందును జోలక్క బట్టలమీదనే ఉమ్మి, దర్జాగా ఇంటికి వెళ్లిపోయింది. ఈసారీ తప్పితే ఆ ఊపిరి ఏమవుతుందోనని జోలక్కకు దిగులు.

“బొమ్మకి కడుపే లేదుగా, ఎట్లా తాగుతుంది? తాతకి పొయ్యి!” అంది మిరపకాయ.

తాతగారు జీవితమంతా రాత్రి కాపలా కాచిన మనిషి. ఉద్యోగం వదిలినా కంటికి కునుకు రాలేదు. మీసం దువ్వి, “పొయ్యమ్మా! నిద్రని గేటు బయటే నిలబెట్టినవాణ్ణి. ఈ చుక్క నన్నేం చేస్తుంది?” అన్నారు.

“కోతలు చాలుగానీ నోరు తెరవండి,” అంది పక్కనే ఉన్న నాయనమ్మ.

జోలక్క పంచదార నీళ్లే పోసింది. ఆ సంగతి పైకి అనలేదు. పిల్ల వింటే కొంప మునుగుతుంది. తాతగారు చప్పరించి, “ఏదీ, నాకేమీ...” అంటూనే పిల్లకోసం తెచ్చిన స్ట్రెచర్ మీదికి ఒరిగి గురక లంకించుకున్నారు.

పొరపాటున మందే పోశానేమోనని జోలక్క ఉలిక్కిపడింది. మందు సిరంజి చూసుకుంది. నిండుగానే ఉంది.

మిరపకాయ తాత కనురెప్ప ఎత్తి చూసింది. “అబ్బో! నాక్కూడా పొయ్యవే!” అని చివరి చుక్కదాకా మింగేసింది. కాసేపటికి కిలకిల నవ్వుతూ నాయనమ్మ భుజంమీద వాలింది.

స్ట్రెచర్ తోసే మనిషి వచ్చి తల గోక్కున్నాడు. “ఇద్దర్లో ఎవర్నమ్మా కొయ్యాల్సింది?”

“పిల్లనే నాయనా. తీరికుంటే ఆయన గురకని కూడా కోసెయ్యమను,” అంది నాయనమ్మ.

ఇంకొక స్ట్రెచర్ తెచ్చారు. ఆపరేషను సవ్యంగా ముగిసింది. తాతగారు మాత్రం లేవలేదు. జోలక్క భయపడి నాయనమ్మ చెవిలో నిజం చెప్పింది.

“హుష్! ఆయనతో అనకు తల్లీ. ఇంట్లో పంచదార డబ్బా నిండా ఉంది,” అంది ఆవిడ.

అప్పుడు కళ్లు విప్పిన తాతగారు గొంతు తడుముకుని, హీనస్వరంతో అడిగారు: “నా ఆపరేషన్ అయిపోయిందా?”

అప్పటికే మేలుకుని, మాట్లాడరాదన్న డాక్టరు మాట పాటిస్తున్న మిరపకాయ, గొంతు నొప్పికని తాను చప్పరిస్తున్న ఐసుముక్క తీసి జాలిగా తాత నోట్లో పెట్టింది.